కంపైల్ అయిన ఫైలును గుర్తుపట్టడం: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు మీ చేతికి ఒక ఫైలిచ్చి "ఇది నడవట్లేదు, ఏమైందో చూడు" అంటారు. దాని పేరు చివర డాట్ క్లాస్ అనో, డాట్ ఎస్‌ఓ అనో ఉంటుంది. ఆ తోకను నమ్మకండి. సంచి మీద సోనా మసూరి అని అచ్చేసినంత మాత్రాన లోపల ఆ బియ్యమే ఉండాలని లేదు. పేరు ఎవరైనా మార్చేయవచ్చు. ఫైలు మొదట్లో ఉండే నాలుగైదు బైట్లు మాత్రం కంపైలరో (మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల కోడుగా మార్చేది), లింకరో (ఆ ముక్కలను కలిపి ఒకే ఫైలు చేసేది) పెట్టినవి. వాటిని మ్యాజిక్ నంబరు అంటారు, హెడర్ సిగ్నేచర్ అని కూడా అంటారు. డిజిటల్ సంతకం వేరు, ఇది వేరు. ఫైలు ఎవరు పంపారో ఇది చెప్పదు, తాను ఏ జాతి ఫైలునని చెప్పుకుంటోందో అంతే చెబుతుంది.

చూడటం తేలికే. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ టెర్మినల్ తెరిచి, ఎక్స్‌ఎక్స్‌డి కమాండుకు మైనస్ ఎల్ 64 అనే ఆప్షనూ ఫైలు పేరూ ఇవ్వండి. మొదటి 64 బైట్లు హెక్స్‌లో, అంటే 0 నుంచి 9, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వాడే పదహారు అంకెల లెక్కలో, కనిపిస్తాయి. విండోస్‌లో అయితే పవర్‌షెల్‌లో ఫార్మాట్-హెక్స్ ఉంది. బైట్ల స్థానాలను 0 నుంచి లెక్కపెట్టాలి. దీన్ని మరిచిపోతే కింద చెప్పేవన్నీ ఒక బైటు పక్కకు జరిగిపోతాయి.

జావా క్లాస్ ఫైలుతో మొదలుపెడదాం. మొదటి నాలుగు బైట్లు సీఏ ఎఫ్‌ఈ బీఏ బీఈ. తర్వాతి రెండు మైనర్ వెర్షను, 6, 7 స్థానాల్లో ఉన్న రెండు మేజర్ వెర్షను. జావాలో పెద్ద బైటు ముందు వస్తుంది కాబట్టి 00 34 అంటే 52, అంటే జావా 8. జావా 11కి 55, 17కి 61, 21కి 65. ఈ నంబరులోంచి 44 తీసేస్తే జావా వెర్షను వస్తుంది. 65 ఉన్న ఫైలును జావా 17 మీద నడిపితే "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" అని ఆగిపోతుంది. అందులో ఫైలు తప్పేమీ లేదు, కొత్త జావా వేసుకోవాలి, లేదా పాత వెర్షనుకు మళ్లీ కంపైల్ చేయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. మ్యాక్‌లో ఒకే ఫైలులో రెండు రకాల ప్రాసెసర్ల కోడును కలిపిపెట్టే యూనివర్సల్ బైనరీ కూడా సీఏ ఎఫ్‌ఈ బీఏ బీఈ తోనే మొదలవుతుంది. తేడా తెలియాలంటే తర్వాతి నాలుగు బైట్లను ఒకే సంఖ్యగా చదవండి. మ్యాక్ ఫైలులో అది ఎన్ని రకాల ప్రాసెసర్లకు కోడు ఉందో చెప్పే లెక్క, మామూలుగా 2. జావాలో మేజర్ వెర్షను 45కి తగ్గదు కాబట్టి ఆ సంఖ్య 45 లేదా అంతకంటే ఎక్కువే ఉంటుంది. నాలుగు బైట్లు చూసి తీర్పు చెప్పేయకూడదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా!

కొన్నిసార్లు జావా ఇలా ఫిర్యాదు చేస్తుంది: మ్యాజిక్ విలువ సరిపోలేదు, 4022320623 వచ్చింది అని. ఆ పెద్ద సంఖ్యను హెక్స్‌లోకి మార్చి చూడండి. ఈఎఫ్ బీఎఫ్ బీడీ ఈఎఫ్ అని వస్తుంది. ఈఎఫ్ బీఎఫ్ బీడీ అనేది యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) "ఈ అక్షరం నాకు అర్థం కాలేదు" అనడానికి వాడే ప్రశ్నార్థకపు డైమండు గుర్తు. అంటే మధ్యలో ఏదో ప్రోగ్రాము ఈ ఫైలును టెక్స్ట్‌గా చదివి మళ్లీ సేవ్ చేసింది. సీఏ, ఎఫ్‌ఈ, బీఏ, బీఈ నాలుగూ యూటీఎఫ్-8 నియమాలకు కుదరవు, అందుకని ఒక్కోదాని బదులు ఆ మూడేసి బైట్లు వచ్చి చేరాయి. పోయిన సమాచారం ఇక తిరిగి రాదు. అన్నిటి స్థానంలోనూ ఒకే గుర్తు పడితే అసలు ఏముండేదో ఎలా తెలుస్తుంది? బాగుచేయాలని కూర్చోకండి. మూలం నుంచి మళ్లీ కంపైల్ చేసి, బిల్డ్ సెట్టింగుల్లో ఏ అంచె దీన్ని టెక్స్ట్ అనుకుంటోందో వెతకండి.

లినక్స్ వాడే ఈఎల్‌ఎఫ్ ఫైలుకు ఇదే దెబ్బ తగిలితే ఇంకా ప్రమాదం. దాని సిగ్నేచరు 7ఎఫ్ 45 4సీ 46. నాలుగూ 80 హెక్స్ కంటే చిన్నవి, అందుకని టెక్స్ట్ మార్పిడిలో చెక్కుచెదరవు. ఆ తర్వాత 64 బిట్లని చెప్పే 02, చిన్న బైటు ముందని చెప్పే 01 కూడా అలాగే ఉంటాయి. 18వ స్థానంలో ఇంటెల్, ఏఎండీ 64 బిట్ యంత్రమని చెప్పే 3ఈ కూడా మిగులుతుంది. తల మొత్తం బాగుంటుంది, ఒళ్లు పాడైపోయి ఉంటుంది.

కాబట్టి ఫైలు చివరి దాకా వెళ్లాలి. 64 బిట్ ఈఎల్‌ఎఫ్‌లో 40వ స్థానం నుంచి 8 బైట్లు సెక్షన్ల (ఫైలులోని భాగాల) పట్టిక ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి, 60వ స్థానంలోని 2 బైట్లు సెక్షన్లు ఎన్నో చెబుతాయి. ఒక్కో వరుస 64 బైట్లు. ఒక చిన్న ప్రోగ్రాములో 40 దగ్గర 98 36, తర్వాత అన్నీ సున్నాలు ఉన్నాయనుకోండి. చిన్న బైటు ముందు కాబట్టి అది 3698 హెక్స్, అంటే 13976. 60 దగ్గర 1ఎఫ్ 00, అంటే 31. 31ని 64తో హెచ్చిస్తే 1984, కూడితే 15960. ఫైలు సైజు కూడా 15960 ఉంటే లెక్క కుదిరినట్టే, ఎందుకంటే మామూలు లింకరు ఈ పట్టికను చివర్లో పెడుతుంది. సైజు తక్కువుంటే డౌన్‌లోడు మధ్యలో తెగి ఉండాలి, లేదా హెడరులోని ఆ సంఖ్యే పాడై ఉండాలి. ఎక్కువుంటే తొందరపడకండి. చివర్లో కావాలనే అదనపు డేటా అతికించే పద్ధతులున్నాయి, సంతకం చేసిన కెర్నల్ మాడ్యూళ్లు అలాంటివే.

ఆండ్రాయిడ్ యాప్‌ల కోడు ఉండే డెక్స్ ఫైలు ఈ విషయంలో మనకు చాలా మేలు చేసింది. మొదటి 8 బైట్లు సిగ్నేచరు, వెర్షను. 8వ స్థానం నుంచి 4 బైట్లు అడ్లర్-32 చెక్‌సమ్, అంటే బైట్లు మారాయో లేదో పట్టిచ్చే లెక్క. 12 నుంచి 20 బైట్లు షా-1, అలాంటిదే ఇంకో లెక్క. 32 దగ్గర ఫైలు సైజు. షా-1 లెక్క 32వ బైటు నుంచి చివరి దాకా, అడ్లర్ లెక్క 12వ బైటు నుంచి చివరి దాకా. ఎక్కడో ఒక్క బైటు మారినా దొరికిపోతుంది. అడ్లర్ లెక్కలో షా-1 కూడా ఉంది కాబట్టి, ఫైలును మార్చినవాళ్లు షా-1ని ముందు వేసి, తర్వాతే అడ్లర్ వేయాలి. వరుస తప్పితే ఫైలు చెల్లదు.

మీరే పరీక్షించే ప్రోగ్రాము రాసేటప్పుడు పైథాన్‌లో ఫైలును తప్పకుండా బైనరీ మోడ్‌లో తెరవండి. ఇంకో మాట: ఫైలులో కనిపించిన ఏ సంఖ్యనూ సైజుతో పోల్చకుండా వాడకండి. విండోస్ ఈఎక్స్‌ఈలో 60వ స్థానంలోని 4 బైట్లు అసలు పీఈ (విండోస్ ప్రోగ్రాము ఫైళ్ల పద్ధతి) హెడర్ ఎక్కడుందో చెబుతాయి. పాడైన ఫైలులో అవి ఫైలు అవతలికి చూపించవచ్చు. గుడ్డిగా అక్కడికి వెళ్తే కూలిపోయేది మీ ప్రోగ్రామే.

చివరగా మన తెలుగు ఫైలు. సాఫ్ట్‌వేర్ల తెలుగు అనువాదాలు చాలావరకు గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఎంఓ ఫైళ్లుగా కంపైలవుతాయి. మొదట డీఈ 12 04 95. 8వ స్థానంలో మాటల సంఖ్య, 12లో ఇంగ్లీషు పట్టిక చోటు, 16లో తెలుగు పట్టిక చోటు, అన్నీ నాలుగేసి బైట్లు. పట్టికలో ఒక్కో వరుస 8 బైట్లు: పొడవు, చోటు. ఆ చోటుకు పొడవు కలిపి అక్కడికి వెళ్తే 00 ఉండాలి. లేకపోతే ఫైలు దెబ్బతిన్నట్టే.

పొడవు బైట్లలో ఉంటుంది. "తెలుగు" అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. పట్టికలో అది 12 హెక్స్‌గా కనిపిస్తుంది. ప్రతి సంకేతమూ ఈ0 బీ0తోనో ఈ0 బీ1తోనో మొదలవ్వాలి. వాటి బదులు సీ3 ఏ0 సీ2 బీ0 కనిపించి, పొడవు 36 ఉంటే, కంపైల్ చేయకముందే ఎవరో యూటీఎఫ్-8ను లాటిన్-1 (ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే పాత పద్ధతి) అనుకుని మళ్లీ మార్చారన్నమాట. సిగ్నేచరు సరే, పట్టికలు సరే, 00 కూడా సరే, తెర మీద మాత్రం తెలుగు కనిపించదు. ఎంఎస్‌జీఅన్‌ఎఫ్‌ఎంటీ కమాండుతో ఆ ఫైలును విప్పి, పాత పీఓ ఫైలుతో (కంపైల్ కాకముందు అనువాదాలు ఉండే టెక్స్ట్ ఫైలు) పోల్చి, మంచి దాన్నుంచి మళ్లీ కంపైల్ చేయండి. సెలవుల్లో మీ లినక్స్‌లో ఉన్న ఏదో ఒక తెలుగు ఎంఓ ఫైలు తీసుకుని, ముందు హెడరు చదివి, మాటలెన్నో లెక్క తేల్చి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య