తిరిగి ఎందుకు కొట్టలేదని అడిగావుగా

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని, "జనవరి మూడో సోమవారం మాకు సెలవు, మార్టిన్ లూథర్ కింగ్ డే" అంది. వెంటనే బుజ్జి, "ఆయన్ని కొట్టినా తిరిగి కొట్టలేదట అమ్మమ్మా, భయపడ్డాడా?" అని అడిగాడు. ఇంతలో సిగ్నల్ పోయింది. అంత పెద్ద ప్రశ్నకి హడావుడిగా జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన కింగ్ పుట్టింది మీరుండే అట్లాంటాలోనే, 1929 జనవరి 15న. అయితే బుజ్జి ప్రశ్నకి జవాబు మీ పక్క రాష్ట్రం అలబామాలో, మాంట్‌గొమరీ అనే ఊళ్ళో ఉంది.

ఆ ఊరి సిటీ బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్ళవి. నల్లజాతివాళ్ళు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్ళు ఎక్కకముందే బస్సు వెళ్ళిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తెల్లవాళ్ళకి చోటు చాలకపోతే వెనక కూర్చున్నవాళ్ళు లేచి నిలబడాలి. 1955 మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ బడిపిల్ల లేవనంది. పోలీసులు పట్టుకెళ్ళారు. డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే కుట్టుపనిచేసే ఆవిడ కూడా లేవనంది. ఆవిణ్ణీ అరెస్టు చేశారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే టీచరు నిద్ర మానుకుని వేల కరపత్రాలు అచ్చు తీసింది: సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని.

నల్లజాతివాళ్ళు దాదాపు ఎవరూ ఎక్కలేదు. ఒక్క రోజనుకున్నది 381 రోజులు సాగింది. వాళ్ళకి నాయకుడిగా నిలబడ్డ కింగ్‌కి అప్పటికి 26 ఏళ్ళు. ఆ ఊరి చర్చిలో పాస్టరుగా చేరి ఎంతో కాలం కాలేదు. జనం కార్లున్నవాళ్ళతో కలిసి వెళ్ళారు, లేకపోతే నడిచారు. ఇళ్ళలో పాచిపని చేసే ఆడవాళ్ళు ఎండకీ వానకీ మైళ్ళకొద్దీ నడిచారు. ఒక ముసలావిడని అలిసిపోలేదా అని అడిగితే, కాళ్ళు అలిశాయి గానీ ప్రాణానికి హాయిగా ఉందని చెప్పిందట. మోకాళ్ళ నొప్పులతో ఉన్నదాన్ని కదా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి.

1956 జనవరి 30 రాత్రి కింగ్ ఇంటిమీద బాంబు వేశారు. లోపల భార్య కొరెట్టా, మూడు నెలలు కూడా నిండని పాప ఉన్నారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కోపంతో జనం పోగయ్యారు, కొందరి చేతుల్లో ఆయుధాలున్నాయి. బాంబుకి దెబ్బతిన్న వరండాలో నిలబడి ఆయన వాళ్ళని శాంతపరిచి ఇళ్ళకి పంపాడు. బుజ్జీ, భయపడ్డవాడైతే ఊరొదిలి వెళ్ళిపోయేవాడు.

ఇంకో సంగతి. సుప్రీంకోర్టు తీర్పు అనుకూలంగా వచ్చాక, మళ్ళీ బస్సెక్కేముందు చర్చిల్లో కుర్చీలు బస్సులాగా వేసుకుని ప్రాక్టీస్ చేశారు. ఒకళ్ళు డ్రైవరు, కొందరు తిట్టే తెల్లవాళ్ళు, మిగతావాళ్ళు తిట్లు పడుతూ చెయ్యెత్తకుండా కూర్చునేవాళ్ళు. తిరిగి కొట్టకపోవడం నేర్చుకోవాల్సిన విద్య. నీకు లెక్కలెంత కష్టమో వాళ్ళకి అదంత కష్టం.

1959లో ఆయన గాంధీగారి దేశం చూడాలని మన దగ్గరికొచ్చాడు. కేరళలో ఒక బడికి వెళ్తే, హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని పిల్లలకి పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే అది నిజమేననిపించిందని ఆయనే తర్వాత చెప్పాడు.

అది చదివితే నాకు మా ఊరి టీ కొట్టు గుర్తొస్తుంది. అక్కడ కొందరికి గ్లాసులు వేరుగా, చూరులో పెట్టి ఉండేవి. వాళ్ళు తాగి, వాళ్ళే కడిగి పెట్టాలి. నేను రోజూ చూశాను. ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. భయమంటే అది, నాన్నా.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయన్ని కాల్చి చంపారు. అప్పుడాయన అక్కడున్నది చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకి తోడుగా. 39 ఏళ్ళు.

ఈసారి నేనొచ్చినప్పుడు మాంట్‌గొమరీ తీసుకెళ్ళమని నాన్నతో చెప్పండి. డెక్స్‌టర్ వీధిలో ఆయన చర్చి ఇంకా ఉంది. మెట్లున్నాయట. మీరు చెరో చెయ్యీ పట్టుకుంటే నెమ్మదిగా ఎక్కుతాను.

మీ అమ్మమ్మ