పన్ను తగ్గిందంటే ఎవరి పద్దులో తగ్గింది? పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి, మీతోపాటు ఈ ఉత్తరం చదివే మీ ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగం వస్తున్నప్పుడు మనమందరం టీవీ ముందు కూర్చున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నవారు కొత్త విధానంలో ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించగానే మీ నాన్న చప్పట్లు కొట్టాడు, వాడితోపాటు మీరిద్దరూ కేరింతలు కొట్టారు. దీనివల్ల ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్ల రూపాయలు వదులుకుంటున్నామని ఆమె అదే ప్రసంగంలో చెప్పినప్పుడు మాత్రం మీరెవరూ వినిపించుకోలేదు. నేను విన్నాను. "పన్ను తగ్గిస్తే అందరికీ మంచిదే కదా తాతయ్యా, నువ్వెందుకలా ఆలోచనలో పడ్డావు?" అని చిట్టితల్లి అడిగింది. ఇంటినిండా చుట్టాలున్న ఆ రోజు తీరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. ఆ బాకీ ఈ ఉత్తరంతో తీర్చుకుంటున్నాను.

నా ఉద్యోగమంతా ఒక చిన్న ఊరి సబ్ ట్రెజరీలో గడిచింది. సర్కారు సొమ్ము లోపలికి రావడమూ, బయటికి పోవడమూ రెండూ అక్కడే జరుగుతాయి. 1980లలో మా కౌంటరుకు వచ్చే చలానాల్లో పెద్ద మొత్తాలు తరచుగా సారా అమ్ముకునే హక్కు కోసం కాంట్రాక్టర్లు ప్రభుత్వానికి కట్టే కిస్తీలే, అంటే వాయిదాలే. ఒక మార్చి నెలాఖరున సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్డెన్ ఒకాయన పిల్లల భోజనాల బిల్లు పట్టుకుని వచ్చాడు. నిధులు విడుదల కాలేదని మావాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన కౌంటరు దగ్గర నిలబడి, కిరాణా కొట్టువాడు ఇక బియ్యం అప్పు ఇవ్వనంటున్నాడని గొంతు తగ్గించి చెప్పాడు. ఆ బిల్లు ఎప్పటికో పాసైంది. ఆ సాయంత్రం రాబడి పద్దూ ఖర్చు పద్దూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే నాకొక విషయం తట్టింది. ఆ హాస్టల్లో చదువుకునే పిల్లవాడి తండ్రి, రోజంతా రాళ్లు కొట్టి వచ్చిన కూలీలో సగం సారా దుకాణంలో పోస్తే, అదే సొమ్ము కాంట్రాక్టరు కిస్తీగా మా దగ్గరికి వచ్చి, అందులోంచి కొంత మళ్లీ ఆ పిల్లవాడి పళ్లెంలో అన్నంగా మారుతోంది. తన పిల్లవాడి అన్నానికి ఆ తండ్రే, అదీ తన ఒంటిని గుల్ల చేసుకుని, డబ్బు కడుతున్నాడు. దానికి మాత్రం ప్రభుత్వ సంక్షేమమని పేరు.

తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారాను నిషేధించారు. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడిన రోజుల్లో అదొకటి. అయితే మద్యం మీద వచ్చే రాబడి ఆగిపోయాక, ఆ లోటును ఎవరి దగ్గర పూడ్చాలన్న ప్రశ్నకు ధైర్యమైన జవాబు రాలేదు. 1983లో మొదలైన కిలో 2 రూపాయల పథకం బియ్యం ధరను 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 3 రూపాయల 50 పైసలకు పెంచింది. 1997లో నిషేధాన్నే సడలించారు. ఆస్తిపరులను అడగడం కన్నా తాగేవాడి జేబులోంచి తీసుకోవడం ఏ పార్టీకైనా సులువు. విడిపోయిన తర్వాత కూడా రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్లూ మద్యం రాబడి మీద ఎంతగా ఆనుకుని ఉన్నాయో మీరు పెద్దయ్యాక ఆ పద్దులు తెరిచి చూడండి.

ఇప్పుడు చిట్టితల్లి ప్రశ్నకు వస్తాను. పన్ను తగ్గించడమంటే ప్రభుత్వం ఖర్చు పెట్టడం లాంటిదే. ఒక కంపెనీకి ఖజానాలోంచి వంద కోట్లు తీసి ఇచ్చినా, ఆ కంపెనీ కట్టాల్సిన వంద కోట్లు కట్టనక్కర్లేదన్నా ఖజానాకు పడే చిల్లు ఒక్కటే. అయితే మొదటిది ఖర్చు పద్దులో అందరికీ కనబడుతుంది, రెండోది ఎక్కడా కనబడదు. అందుకే 2006-07 నుంచి కేంద్ర బడ్జెట్ పత్రాల్లో పన్ను రాయితీల వల్ల వదులుకున్న రాబడి ఎంతో చెప్పే ఒక అనుబంధం చేరుస్తున్నారు. టీవీ చర్చల్లో దాన్ని తెరిచేవారు అరుదు. బియ్యం ఇస్తే "ఉచితం" అంటారు, పన్ను వదిలేస్తే "ప్రోత్సాహకం" అంటారు. పెద్దల నోట ఈ రెండు మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ వార్డెన్ ముఖం గుర్తుకొస్తుంది.

మీకు కాస్త వివరంగా చెప్పదగ్గ ఉదాహరణ ఒకటుంది. 2019లో దేశ ఆర్థిక వృద్ధి మందగించింది. ఆ ఏడాది సెప్టెంబరు 20న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ ద్వారా కంపెనీల ఆదాయం మీద పన్నును, ఇతర మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15 శాతమే. ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్ల రూపాయల రాబడి పోతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. ఆ ఒక్కరోజే బొంబాయి షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా ఎగబాకింది. కంపెనీల చేతిలో డబ్బు మిగిలితే ఫ్యాక్టరీలు పెడతాయి, ఉద్యోగాలిస్తాయి, కొన్నాళ్లకు పన్ను రాబడి తనంతట తానే పెరుగుతుందన్నది ప్రభుత్వ వాదన.

2018-19లో 6 లక్షల 63 వేల కోట్ల దాకా వచ్చిన కార్పొరేట్ పన్ను 2019-20లో 5 లక్షల 57 వేల కోట్ల దగ్గరికి పడిపోయింది. కోవిడ్ గడిచాక లాభాలు పెరగడంతో రాబడీ పెరిగింది, ఆ మాట దాచకూడదు. అయితే లాభాలు పెరిగినంతగా ఉద్యోగాలు పెరిగాయా అంటే, ప్రభుత్వమే ప్రచురించిన 2024-25 ఆర్థిక సర్వే పెద్ద కంపెనీల లాభాలు 2023-24లో 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని రాసింది. ఆ లాభాలు 15 ఏళ్లలోకెల్లా అత్యధికమని కూడా చెప్పింది.

మరి తగ్గిన రాబడిని ఎలా పూడ్చుకున్నారు? 2020లో ప్రపంచమంతా ముడిచమురు ధర పాతాళానికి పడిపోయినప్పుడు, మార్చిలో ఒకసారి, మే నెలలో మరోసారి కలిపి పెట్రోలు మీద లీటరుకు 13 రూపాయలు, డీజిలు మీద 16 రూపాయల చొప్పున కేంద్ర ఎక్సైజ్ సుంకం పెంచారు. చమురు చవకైన లాభం బంకు దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. 2021లో లీటరు పెట్రోలు మీద ఉన్న 32 రూపాయల 90 పైసల కేంద్ర సుంకంలో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన భాగం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినదంతా సెస్సులు, అంటే ఏదో ఒక పని పేరు చెప్పి వేసే అదనపు పన్నులు, ప్రత్యేక సుంకాలు. సెస్సులో, పన్ను మీద పన్నుగా వేసే సర్‌చార్జీలో రాష్ట్రాలకు వాటా ఉండదు. కార్పొరేట్ పన్నులో ఉంటుంది. కాబట్టి ఢిల్లీలో కార్పొరేట్ పన్ను తగ్గిస్తే ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ రావాల్సింది కూడా తగ్గుతుంది. సెస్సు పెంచితే ఇక్కడికి పైసా రాదు. 2021-22 నుంచి 2025-26 వరకు, కేంద్రం పంచుకునే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని నిర్ణయించారు. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు 4.047 శాతం, తెలంగాణ వంతు 2.102 శాతం. పంచే గంప చిన్నదైతే శాతం ఎంతైనా చేతికొచ్చేది చిన్నదే. అక్కడ తగ్గింది ఇక్కడ ఏదో ఒక హాస్టల్ బిల్లు దాకా వచ్చి తగులుతుంది.

2025-26 కేంద్ర బడ్జెట్లో ప్రభుత్వానికి వచ్చే ప్రతి రూపాయినీ పైసలుగా విడదీసి చూపించారు. అందులో ఆదాయపు పన్ను 22 పైసలు, కార్పొరేట్ పన్ను 17 పైసలు, జీఎస్టీ 18 పైసలు, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4, అప్పు 24 పైసలు. ఖర్చయ్యే రూపాయిలో 20 పైసలు పాత అప్పుల వడ్డీకే పోతాయి. ఆ వడ్డీ అందుకునేది ప్రభుత్వానికి అప్పిచ్చే స్తోమత ఉన్నవారని మరిచిపోకండి. పన్ను వేయకుండా వదిలేసిన డబ్బునే మళ్లీ అప్పుగా తెచ్చుకుని దానికి వడ్డీ కట్టడం నా కళ్లకు న్యాయంగా కనిపించదు.

మన వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న దంపతులను చూడండి. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలున్న మీ నాన్నకు ఆ ప్రకటన వల్ల ఏడాదికి 80 వేల రూపాయలు మిగిలాయి. ఆ దంపతులకు ఒక్క రూపాయి కూడా మిగల్లేదు, ఎందుకంటే వాళ్ల సంపాదన అంతకుముందు కూడా ఆదాయపు పన్ను గీత దాటలేదు. అలాగని వాళ్లు పన్ను కట్టనివాళ్లు కారు. ఆ తల్లి ఫోను రీచార్జికి 236 రూపాయలు ఇస్తే అందులో 36 రూపాయలు జీఎస్టీయే. వందల కోట్ల ఆసామి కూడా అదే రీచార్జికి అదే 36 రూపాయలు ఇస్తాడు. వస్తువు మీద వేసే పన్నుకు కొనేవాడి తాహతు తెలియదు. అందుకే 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఆ తగ్గింపు ఇస్త్రీ బండి దాకా వచ్చింది. దానివల్ల రాష్ట్రాల రాబడి కూడా తగ్గుతుంది, ఆ లోటు మళ్లీ మద్యం మీద పడకుండా చూసుకోవాల్సిన పని మాత్రం మిగిలే ఉంది.

పెద్ద పన్ను వేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని కూడా నేను చెప్పను. 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను పై అంచె సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. పై రూపాయిలో రెండు పైసలు మిగిలే చోట ఎవరు లెక్క చూపిస్తారు? నల్లడబ్బు పెరిగింది. ఆ తర్వాత కొన్ని విడతల్లో తగ్గిన ఆ రేటును 1985లో 50 శాతానికి దించడం సబబేనని నా అభిప్రాయం. అదే ఏడాది, 1953 నుంచి ఉన్న వారసత్వపు పన్నును, అంటే ఎస్టేట్ డ్యూటీని, వచ్చేది తక్కువ, శ్రమ ఎక్కువ అంటూ ఎత్తేశారు. 1957లో వచ్చిన సంపద పన్నును కూడా 2015లో ఇలాంటి కారణంతోనే రద్దు చేశారు. 2013-14లో దాని వసూలు వెయ్యి కోట్ల పైచిలుకే. ఇక్కడ నేను ఒప్పుకోలేను. వల చిరిగిందని చేపలు పట్టడమే మానేస్తే ఎలా? దాన్ని బాగుచేయాల్సింది పోయి పారేశారు. సంపద పన్ను బదులు కోటి దాటిన ఆదాయం మీద అదనపు సర్‌చార్జీ వేశారు కానీ, అది ఆదాయం మీద పన్ను, పోగుపడిన ఆస్తి మీద కాదు. పైగా సర్‌చార్జీలో రాష్ట్రాలకు వాటా లేదని ఇందాకే చెప్పాను.

ఈ నాలుగు దశాబ్దాల్లో ఏం జరిగిందో పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు 2024లో లెక్క కట్టారు. 1980ల ఆరంభంలో దేశ ఆదాయంలో 6 శాతం దాపుల్లో ఉన్న పై ఒక్క శాతం మంది వాటా 2022-23 నాటికి 22.6 శాతానికి చేరింది. దేశ సంపదలో వాళ్ల వాటా 40.1 శాతం. నూరుమంది పంక్తిలో కూర్చుంటే ఒక్కరి విస్తట్లో నలభై మంది భోజనం ఉందన్నమాట. అంతటి విస్తరి ముందున్నవారు ఊరికే కూర్చోరు. మంత్రులను కలిసి, పత్రికల్లో రాయించి, ఎన్నికలకు విరాళాలిచ్చి తమ పన్ను ఎంత ఉండాలో అడుగుతారు. హాస్టల్ పిల్లవాడికి అలా అడిగేవారు లేరు. రాయితీ పొందినవాడికి తనకెంత వచ్చిందో రూపాయలతో సహా తెలుస్తుంది, పోగొట్టుకున్నవాడికి ఏం పోయిందో తెలియను కూడా తెలియదు. నాయకులు రాయితీ ఇవ్వడానికి ఉత్సాహపడి, పన్ను అడగడానికి జంకడం వెనక ఇదే ఉంది.

మీ నాన్న చప్పట్లు కొట్టినందుకు నాకు కోపం లేదని చెప్పండి. వాడికీ ఇంటి అప్పుంది, మీ చదువులున్నాయి. ఆ రోజు నేను ఆలోచనలో పడింది వాడికి మిగిలిన 80 వేల గురించి కాదు, ఆ లక్ష కోట్లు ఏ పద్దులోంచి తీస్తారా అని. అదింకా వెతుకుతున్నాను. బడ్జెట్ పత్రాలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయని మీరే అన్నారు కదా. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ వదులుకున్న రాబడి అనుబంధాన్నీ, సాంఘిక సంక్షేమ పద్దునూ నా కళ్లకు ఆనేంత పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి తీసుకురండి. అరుగు మీద కూర్చుని ముగ్గురం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య