హోమ్ చిల్డ్రన్: అపోహలు - వాస్తవాలు

కెనడాలో కుటుంబ చరిత్రలు వెతికిపెట్టడం నా పని. 1869 నుంచి 1930ల దాకా బ్రిటన్‌లోని సేవాసంస్థలు లక్షమందికి పైగా పిల్లల్ని ఓడలెక్కించి ఇక్కడికి పంపాయి. వాళ్లనే ‘హోమ్ చిల్డ్రన్’ అంటారు. వాళ్ల మునిమనవలు నాకు చెప్పే మాటలివి.

అపోహ: మా ముత్తాత అనాథ.

అన్నిటికన్నా ఎక్కువగా దారి తప్పించేది ఈ మాటే. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భర్త పోయాక అద్దె కట్టలేక, కొన్నాళ్లకే కదా అని పిల్లల్ని హోమ్‌లో వదిలిన తల్లులూ ఉన్నారు. తగినవాళ్లు కారనుకున్న తల్లిదండ్రులకు, లండన్‌లో థామస్ బర్నార్డో పెట్టిన సేవాసంస్థ ఓడ వెళ్లిపోయాకే కబురు పంపేది. అదీ అప్పటి సేవ!

అనాథే కదా అని బ్రిటన్ వైపు వెతకడం మానేయకండి. వీళ్లలో వేలమంది మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యంలో చేరారు. వాళ్ల సర్వీసు ఫైళ్లు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా (దేశ పాత రికార్డులు దాచే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేరేటప్పుడు నింపిన కాగితంలో ‘దగ్గరి బంధువు’ గడి ముందు చూడండి. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ అమ్మ పేరు, ఇంగ్లండ్ చిరునామా రాసి ఉండొచ్చు. జీతంలో కొంత ఎవరికి పంపమన్నాడో కూడా అదే ఫైల్లో ఉండొచ్చు.

అపోహ: ఇక్కడి కుటుంబం దత్తత తీసుకుంది.

అక్కడక్కడా నిజమే. ఎక్కువమంది మాత్రం ఒప్పంద కాగితం మీద పనికి కుదిరినవాళ్లు. మగపిల్లలు పొలానికి, ఆడపిల్లలు ఇంటి చాకిరీకి. పనికి రాని వయసు పిల్లలైతే పోషణ ఖర్చు ఇచ్చి ఇళ్లలో ఉంచేవారు. 1901 జనాభా లెక్కల్లో రైతు కుటుంబం కింద వేరే ఇంటిపేరుతో ఓ పిల్లాడు, పుట్టింది ఇంగ్లండ్‌లో, వచ్చిన సంవత్సరం పక్కనే ఉంటే అనుమానించాల్సిందే. 1924లో బ్రిటన్ ప్రభుత్వం పంపిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ బృందం వచ్చి చూసి, బడి వయసు దాటకుండా పంపొద్దని తేల్చింది. మరుసటి ఏడాది నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా రావడం ఆగింది.

అపోహ: అందరూ బర్నార్డో పిల్లలే.

కాదు. బర్నార్డో కన్నా ముందే మరియా రై, ఆనీ మాక్‌ఫర్సన్ అనే ఇద్దరు మహిళలు పిల్లల్ని తెచ్చారు. స్కాట్లండ్ నుంచి క్వారియర్స్ అనే సంస్థ, ఇంకా చర్చి సంస్థలు కూడా పంపాయి. సంస్థ ఏదో తేలకుండా ఫైలు కోసం రాస్తే టైమ్ వేస్ట్.

అపోహ: అందరూ నరకం చూశారు. లేదా, అందరూ బాగుపడ్డారు.

రెండూ కుదరవు. ఇల్లు మారితే బతుకు మారేది.

అపోహ: అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో దొరికేది ప్రధానంగా పేర్ల సూచిక, ఓడ జాబితా. హోమ్‌లో చేర్చుకున్నప్పటి వివరాలు, ఉంటే ఫోటో, సంస్థ దగ్గరే ఉంటాయి. బర్నార్డోస్ అయితే వారసులకు ఫీజు తీసుకుని ఇస్తుంది. దరఖాస్తులో తోబుట్టువుల సంగతి కూడా అడగండి. అన్నదమ్ముల్ని వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఓడల్లో పంపిన సందర్భాలున్నాయి.