వత్తుల తగాదాలు: ప్రూఫులు దిద్దే డెస్కు నుంచి అపోహలు - వాస్తవాలు

పత్రికలో ప్రూఫులు దిద్దే పని నాది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఏ మాట మీద తగువొచ్చినా తీర్పు నన్నే చెప్పమంటారు. అక్కడ తరచూ వినబడేవి ఇవి.

అపోహ: వత్తులు పోతే పోనీ, అర్థమైతే చాలు.
చాలాచోట్ల నిజమే. 'బాధ'ను 'భాద' అని రాసినా ఎవరూ పొరబడరు. కష్టం చెప్పుకుంటున్న మనిషికి వత్తు ఎక్కడుండాలో చెప్పబోవడం మర్యాదా కాదు. కానీ అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. షష్టి అరవై, షష్ఠి ఆరో తిథి. శుభలేఖలో 'షష్ఠిపూర్తి' అని వేయిస్తే పెద్దాయన వయసు అరవై నుంచి ఆరుకు పడిపోతుంది! ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే కీబోర్డు ఏదో ఒకటి ముందు చూపిస్తుంది, మనం అదే నొక్కేస్తాం.

అపోహ: వత్తు పెడితే మాటకు నిండుదనం.
సంధర్భం, ఉచ్ఛారణ, హార్థిక... మూడూ తప్పే. సందర్భం, ఉచ్చారణ, హార్దిక.

అపోహ: ఒక మాటను ఒకేలా రాయాలి.
సంస్కృతం మాటల వరకు దాదాపు అంతే. వేరే భాషల నుంచి వచ్చిన మాటలకు (అన్యదేశ్యాలకు) అలా కుదరదు. తుఫాను, తుపాను రెండూ అచ్చులో ఉన్నాయి. ఏది వాడాలన్నది ఆయా పత్రికల పద్ధతి. మొన్న 'తుపాను వస్తోంది' అని ఒకరు పెడితే 'ప'నా 'ఫ'నా అని పూటంతా కొట్టుకున్నారు. బంగాళాఖాతంలో అప్పటికున్నది అల్పపీడనమేనని ఒక్కరూ అనలేదు. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు సుమారు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితేనే తుపాను. పేరు పెట్టేదీ అప్పుడే. సామాన్లు సర్దుకోవాలా వద్దా అని చూసేవాళ్లకు కావలసింది ఆ తేడా.

అపోహ: శాస్త్రంలో అర్థమే అసలు అర్థం.
'బరువు 70 కిలోలు' అన్న పెదనాన్నను 'ద్రవ్యరాశి' అనమని ఇంటర్ కుర్రాడు సరదాకి దిద్దొచ్చు. తూకం దగ్గర బరువే సరైన మాట. పోలీసులు పట్టుకున్నవాడి ఫొటో పెట్టి 'దోషి దొరికాడు' అంటే మాత్రం ఊరుకోను. కోర్టు తేల్చేదాకా అతను నిందితుడే. డెస్కులో ఈ మాట జారితే లాయరు నోటీసు వస్తుంది. గ్రూపులో రాదనే ఆ ధైర్యం.

అపోహ: నిఘంటువులో లేదు, కాబట్టి తప్పు.
శబ్దరత్నాకరం నిఘంటువు 1885 నాటిది. అందులో లేదని 'సెల్‌ఫోను'ను ఎవరు మానుకున్నారు? 'ప్రాధాన్యత' సంగతి వేరు. ప్రాధాన్యం అంటేనే సరిపోతుంది, పైన 'త' దండగ. కాపీలో కనబడితే కొట్టేస్తాను. అదే లెక్కన 'ఐక్యత'నూ కొట్టేయాలి గానీ, అంత సాహసం చేసే ఎడిటరు నాకింకా తగల్లేదు.