షేల్‌లో ఉన్న చమురు వేరు, కదిలే చమురు వేరు

ఫలానా షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలో ఇన్ని కోట్ల బ్యారెళ్లు ఉన్నాయని ప్రకటిస్తారు. తీరా తవ్వితే సాధారణంగా అందులో పదో వంతు కూడా చేతికి రాదు. ఎంత ఉంది, ఎంత వస్తుంది అన్న ఈ గొడవ పాతదే. ఫ్రాకింగ్, అంటే నీటిని భారీ ఒత్తిడితో కొట్టి రాయిని పగలగొట్టడం, ఈపాటికి అందరికీ తెలుసు, అక్కడికి వెళ్లను. నా దృష్టిలో అసలు మలుపు 2012.

ఆ ఏడాది అమెరికన్ భూరసాయన శాస్త్రవేత్త డేనియల్ జార్వీ ఒక తేలిక కొలత చెప్పారు. రాతిపొడిని 300 డిగ్రీల దాకా వేడిచేస్తే వెలువడే హైడ్రోకార్బన్లు ఎస్1. గ్రాము సేంద్రియ కార్బన్‌కి అది 100 మిల్లీగ్రాములు దాటితే చమురు కదిలే అవకాశం ఉందన్నారు. తర్కం గట్టిదే. కెరోజెన్ (రాతిలో ఉండి చమురును పుట్టించే గట్టి సేంద్రియ పదార్థం) తనకు పట్టినంత చమురు పీల్చుకున్నాక మిగిలిందే కదా బయటికొచ్చేది! చిటికెడు పొడితో పని అయిపోతుంది, బావికీ బావికీ పోల్చుకోవచ్చు అని దీన్ని వాడేవాళ్లు అంటారు. అదీ నిజమే. కానీ వాడగా వాడగా, ‘అవకాశం’ అన్న మాట జారిపోయి సంఖ్య ఒక్కటే మిగిలింది.

ఈ పరీక్ష పుట్టింది 1970ల్లో, ఫ్రెంచ్ పెట్రోలియం సంస్థలో. ఏ రాయి ఎంత చమురు పుట్టించగలదో చూడటానికి చేసిందది, ఎంత పారుతుందో చూడటానికి కాదు. కోర్‌ను, అంటే తవ్వి తీసే రాతి కడ్డీని, బావిలోంచి పైకి లాగుతుంటేనే ఒత్తిడి పడిపోతుంది, కరిగి ఉన్న గ్యాస్ బుడగలై తేలిక చమురును తోసుకుంటూ బయటపడుతుంది. రాయిని పొడిచేసేటప్పుడు ఇంకొంత ఆవిరైపోతుంది. అలా పోయేదే అన్నిటికన్నా సులువుగా కదిలే భాగం. కెరోజెన్‌కి అతుక్కున్న బరువు చమురేమో 300 డిగ్రీలకు లొంగక తర్వాతి లెక్కలో, అంటే ఇంకా వేడిచేసినప్పుడు కెరోజెన్ విరిగి వచ్చేదాన్ని కొలిచే ఎస్2లో, కలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నానోమీటర్లలో ఉండే ఆ రంధ్రాల మధ్య దారి ఉందా లేదా అన్నది పొడిలో కనబడదు.

2011లో కాలిఫోర్నియాలోని మాంటెరే షేల్‌లో 1,540 కోట్ల బ్యారెళ్లు తీయవచ్చని అమెరికా ఇంధన సమాచార సంస్థ అంచనా ఇచ్చింది. 2014లో దాన్ని 60 కోట్లకు, అంటే 96 శాతం, తగ్గించేసింది. ఆ లెక్క ఎస్1 మీద కట్టింది కాదు, విస్తీర్ణం మీద, బావుల దిగుబడి మీద కట్టింది. పొరపాటు మాత్రం ఆ కోవదే: ఉన్నదాన్ని వచ్చేదిగా చూడటం.

దీనికి మందు లేకపోలేదు. ఒత్తిడి పోకుండా మూసిన గొట్టంలో కోర్ తెచ్చి, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంతో రాతిలోని ద్రవాన్ని కొలిచే యంత్రంలో) చూస్తారు. సెంట్రిఫ్యూజ్‌లో వేసి గిర్రున తిప్పి మళ్లీ చూస్తారు. తగ్గినంత మేర చమురు కదిలినట్టు. ఇది ఖరీదైన పని కాబట్టి కొద్ది అడుగుల కోర్‌కే చేస్తారు. మిగతా పొరంతటికీ ఇంకా ఆ పొడి పరీక్షే దిక్కు.