సూర్యాపేటలో మీరడిగిన ప్రశ్న

నల్లగొండ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం చూస్తూ చిన్నవాడు అడిగాడు గుర్తుందా? "శత్రువు మన దాకా రాకముందే మనమే వాళ్ల దేశానికి వెళ్లి కొడితే ఇక భయం ఉండదు కదా!" ఆ రద్దీలో జవాబు చెప్పలేకపోయాను. కానీ మనసులో అది మెదులుతూనే ఉంది.

సంతోష్‌బాబు 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో, మన సరిహద్దును కాస్తూ ప్రాణమిచ్చాడు. అది మన గడపలో నిలబడి చేసిన కాపలా. పరాయి గడ్డ మీదికి సైన్యాన్ని పంపడం పూర్తిగా వేరు. ఆ తేడా నాకు శ్రీలంక వల్ల తెలిసింది.

1987లో శ్రీలంక ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి మన సైన్యం అక్కడికి శాంతి నిలపడానికే వెళ్లింది. కొన్ని వారాలకే, ఏ తమిళులను కాపాడాలని వెళ్లిందో వారి ఊళ్లలోనే, ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన ఎల్‌టీటీఈతో పోరాడవలసి వచ్చింది. ఆ ఊళ్లలో మామూలు జనం కూడా చనిపోయారు. 1990 మార్చికి సైన్యం తిరిగి వచ్చేసరికి వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకున్నాం. అంతటితో ముగిసిందనుకున్నాం. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో ఎల్‌టీటీఈ ఆత్మాహుతి బాంబు అప్పట్లో ప్రధానిగా ఆ సైన్యాన్ని పంపిన రాజీవ్ గాంధీని బలి తీసుకుంది. పొద్దున రేడియోలో ఆ వార్త విని మీ నాయనమ్మ పొయ్యి మీద ఎసరు సంగతే మరచిపోయి గుమ్మంలో నిలబడిపోయింది. సముద్రం అవతల మొదలైన పగ మన నేల మీదికే వచ్చింది.

అమెరికా కూడా 2003లో తన భద్రత కోసమేనంటూ ఇరాక్ మీద పడింది. అక్కడ ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకనే లేదు. ఆ కల్లోలంలోనే ఐసిస్ అనే ఉగ్రవాద ముఠా పెరిగింది.

మరి 1971 యుద్ధం సంగతేమిటని పెద్దమ్మాయి అడుగుతుంది. అడగాలి కూడా. అప్పుడు తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి సుమారు కోటి మంది శరణార్థులు మన దగ్గరికి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది. ఆ యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. అక్కడి ప్రజలు మన జవాన్లను ఆదరించారు, మన సైన్యం 1972 మార్చికే వెనక్కి వచ్చేసింది. అలా త్వరగా తిరిగి రావడమే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

అందుకే ఎవరైనా టీవీలో పరాయి దేశం మీదికి వెళ్దామని ఆవేశపడితే, అక్కడి జనం మనల్ని పిలిచారా, మన వాళ్లు ఎన్నాళ్లకు ఇల్లు చేరతారు అని నేను మొదట వెతుక్కుంటాను.

చిన్నవాడికి ఈ ఉత్తరం నిదానంగా చదివి వినిపించండి. ఇంకా సందేహముంటే ఆదివారం ఫోను చేయమనండి.

మీ తాతయ్య