బంతి రాకముందే వెనక్కి చూడండి

శ్రీకాకుళం

పిల్లలూ,

మొన్న ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక మీలో చాలామంది ఒకటే అడిగారు. "సార్, వెనక మనిషి అంటుకుని ఉంటే బంతి ఎలా తీసుకోవాలి? తీసుకునేలోపే లాగేసుకుంటున్నారు" అని. గ్రౌండ్‌లో నిలబడి రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఒక్కొక్కరూ రెండుసార్లు చదవండి.

మీ కాళ్లలో ఏ లోపమూ లేదు. బంతిని కింద పడకుండా కాలిమీద యాభైసార్లు ఎగరేసేవాళ్లు మీలో ఉన్నారు. మరి మ్యాచ్‌లో ఎందుకు పోతోంది? ఎగరేసేటప్పుడు మీ కళ్లు బంతి మీదే ఉన్నా ఫరవాలేదు, చుట్టూ ఎవరూ ఉండరు. మ్యాచ్‌లో అలా కుదరదు. పాస్ మీ దగ్గరికి రావడానికి సెకనో, సెకనున్నరో పడుతుంది. ఆ కాస్త టైంలోనే వెనకవాడు మీ మీదికి వచ్చేస్తాడు. బంతి కాలికి తగిలాక ఆలోచిద్దాంలే అనుకుంటే అప్పటికే పని అయిపోతుంది.

అందుకని ముందు చూడాలి. పాస్ ఇచ్చే మనిషి బంతిని తన్నకముందు ఒకసారి, బంతి దారిలో ఉండగా ఇంకోసారి, భుజం మీదుగా తల తిప్పి వెనక్కి చూడండి. రెప్పపాటు చూపు చాలు. వెనక మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, కుడివైపా ఎడమవైపా, ఖాళీ ఎక్కడుంది, ఈ మూడూ తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. నార్వేకు చెందిన గేర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు పెట్టుకుని, బంతి అందేముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తున్నారో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరిగ్గా చేరాయని తేలింది. అంత పెద్ద ఆటగాళ్లే చూసుకుంటుంటే మనం చూడకుండా ఎలా ఆడతాం?

చూశాక నిలబడే తీరు. బంతికి ఎదురుగా, గోల్‌కి వీపు పెట్టి నిటారుగా నిలబడకండి. అలా నిలబడితే మీకు కనిపించేది వచ్చిన దారి ఒక్కటే. ఒంటిని పక్కకి తిప్పి, ఒక భుజం పాస్ ఇచ్చేవాడివైపు, ఇంకో భుజం మీరు వెళ్లాల్సిన వైపు ఉండేలా నిలబడండి. మోకాళ్లు కాస్త వంచండి. పాస్ ఇచ్చేవాడికి దూరంగా ఉన్న కాలితో బంతి తీసుకోండి. బంతి మీ ఒంటి ముందు నుంచి దాటి ఆ కాలికి వచ్చేసరికి మీరు ఇంచుమించు తిరిగిపోయి ఉంటారు. ఇదొక్కటి అలవాటైతే చాలు, మీ ఆట మారిపోతుంది.

మొదటి టచ్‌తో బంతిని అక్కడికక్కడే చంపేయకండి. ఆగిన బంతి వెనకవాడికి చాలా సులువు. వాడు లేని వైపుకి, మీకు ఒక్క అడుగులో అందేంత దూరం జరపండి. కాలు బిగబట్టకుండా, బంతి తగిలే క్షణంలో పాదాన్ని కొంచెం వెనక్కి తీసుకుంటే అది కాలికి అతుక్కున్నట్టు ఉంటుంది. ఎండాకాలంలో మన మట్టి గ్రౌండ్లు గట్టిపడి, బంతి ఆఖరి గజంలో ఉన్నట్టుండి ఎగురుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి పాదాన్ని నేలకి ఆనించి పెట్టకండి. బంతి మధ్యభాగం ఎత్తుకి లేపి ఉంచండి.

మన టీంలో అందరికంటే చిన్నదైన అమ్మాయి మొన్న సెకండ్ హాఫ్‌లో లైను పక్కన ఏం చేసిందో ఎంతమంది గమనించారు? పాస్ రాకముందు రెండుసార్లు వెనక్కి చూసింది. అవతలి పిల్ల పరుగున వస్తోంది. మనమ్మాయి ఎడమకాలు చాపింది, బంతి ఆపబోతున్నట్టే. ఆపలేదు. బంతిని తన ముందు నుంచి పోనిచ్చి, కుడిపాదం బయటి అంచుతో చిన్నగా లోపలికి తోసింది. వచ్చే పిల్ల ఆ ఊపులో లైను దాటిపోయింది. బలం వాడలేదు, స్పీడు కూడా పెద్దగా లేదు. చూసింది కాబట్టి చేయగలిగింది.

బలం గురించి మీలో కొందరికి దిగులుంది, నాకు తెలుసు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు పెట్టుకున్న స్టేడియం ఉన్న ఊరు మనది, బలమంటే గౌరవం ఉండాల్సిందే. కానీ బంతిని కాపాడుకోవడానికి కావలసింది నిలబడే పద్ధతి. తిరగడానికి చోటే లేనప్పుడు వెనకవాడికీ బంతికీ మధ్య మీ ఒంటిని అడ్డుపెట్టండి, బంతి వాడికి దూరంగా ఉన్న కాలి దగ్గర ఉండాలి. బంతి మీకు అందేంత దగ్గరలో ఉన్నంతవరకూ అలా అడ్డుగా నిలబడడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. చేత్తో నెట్టినా, పట్టుకున్నా ఫౌల్. ఆ తర్వాత పాస్ ఇచ్చినవాడికే ఒక్క టచ్‌లో తిరిగి ఇచ్చేయండి. అందులో నామోషీ ఏమీ లేదు, టీం దగ్గర బంతి ఉంది కదా.

రెండో కాలు సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కోచ్‌గా ఉండగానే మన దేశం 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. ఒక్క కాలే వచ్చినవాణ్ణి ఎటు తరమాలో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది.

ఇంటి దగ్గర గోడ ఉంటే సాధనకి అది చాలు. గోడకి కొట్టండి, బంతి తిరిగి వచ్చేలోపు మీ వెనక నిలబడ్డ తమ్ముడో చెల్లెలో చూపించిన వేళ్లెన్నో తల తిప్పి చూసి గట్టిగా చెప్పండి, ఆ తర్వాతే బంతి తీసుకోండి. మొదట్లో బంతి తప్పిపోతుంది, పోనివ్వండి. పన్నెండేళ్ల లోపువాళ్లు నాలుగో సైజు బంతితోనే చేయాలి. అన్నయ్యల ఐదో సైజు బంతి తీసుకుంటే కాలి వేళ్లతో పొడవడం అలవాటవుతుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

ఆదివారం ఎనిమిది అంగల చదరాలు గీసి ఉంచుతాను. నలుగురు బయట నిలబడి పాస్‌లు ఇచ్చుకుంటారు, ఒకరు లోపల ఉండి బంతి లాక్కోవాలి. రెండు టచ్‌లకి మించి ఎవరికీ లేదు, చూడకుండా బంతి తీసుకున్నవాళ్లు లోపలికి వెళ్లాలి. ఆరింటికల్లా వచ్చేయండి, నీళ్ల సీసాలు మర్చిపోకండి.

ఆశీస్సులతో,
మీ సార్